రెండు పేస్లిప్పుల సంవత్సరం

2024 అక్టోబరు 31, గురువారం. పొద్దున ఏడున్నరకు ఆఫీసు శుభ్రం చేసే పని ముగించి, రబ్బరు తొడుగులు తీసి సంచిలో వేసుకుని, ఇంగ్లండ్‌లోని రెడింగ్ అనే ఊళ్లో ఒక బస్టాపు దగ్గర నిలబడి ఫోనులో నా పేస్లిప్ తెరిచాను. ఆ ఉద్యోగంలో అదే మొదటి జీతం. మొత్తం 572 పౌండ్లు. దాని కింద పన్ను 114.40. చేతికి వచ్చేది 457.60.

బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

గుంటూరులో ఒక ప్రైవేటు బడిలో పదేళ్లు లెక్కలు చెప్పినదాన్ని నేను. ఈ దేశానికి వచ్చి ఆరు నెలలు దాటినా ప్రతి పౌండునూ రూపాయల్లోకి హెచ్చవేసే అలవాటు ఇంకా పోలేదు. 114.40ని 108తో హెచ్చవేశాను. పన్నెండు వేల మూడు వందల యాభై అయిదు. బడిలో నేను చివరగా అందుకున్న నెల జీతం పన్నెండు వేలు. పొద్దున నాలుగున్నరకు లేచి, చీకట్లో బస్సెక్కి, ఎవరో తాగి వదిలేసిన కాఫీ కప్పులు ఏరి, అయిదు వారాలు చేసిన పనిలోంచి నా పాత జీతమంతా ఒక్క గీతలో పోయింది. నాలుగు వారాలకోసారి వచ్చే నా ఇంకో జీతంలో మాత్రం ఒక్క పెన్నీ పన్ను లేదు. అక్కడ ఎక్కువ సంపాదిస్తున్నాను, పన్ను సున్నా. ఇక్కడ తక్కువ, అయినా అయిదోవంతు కోత. ఇదేమి లెక్క?

ఆ లెక్క అర్థం కావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఎప్పుడేం జరిగిందో రాస్తున్నాను.

2024 ఏప్రిల్‌లో మావారి ఉద్యోగం వీసా మీద, ఆయన భార్యగా, మా ఆరేళ్ల పాపతో ఇక్కడికి వచ్చాను. నా వీసాకు పని గంటల పరిమితి లేదు. ముందు కావలసింది నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, అంటే పన్నూ, పింఛను లాంటివాటి కోసం జీతంలో పట్టే నేషనల్ ఇన్సూరెన్సూ మన పేరున రాసుకునే నంబరు. మావారి రెసిడెన్స్ కార్డు వెనుక ఆయన నంబరు అచ్చయి ఉంది. నా కార్డు వెనుక ఎంత తిప్పి చూసినా లేదు. ఏప్రిల్ 22న ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, పాస్‌పోర్టు, కార్డు, నా ముఖం ఫొటోలు పంపాను. రుసుము లేదు. మే 16న ఉత్తరం వచ్చింది. రెండు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక అక్షరం. ఆ నంబరు లేకుండా పనిలో చేరకూడదనుకుని మే నెలంతా ఇంట్లో కూర్చున్నాను. పని చేసే హక్కు రుజువు చేయగలిగితే నంబరు వచ్చేలోపే చేరవచ్చని తరువాత తెలిసింది.

జూన్ 3న ఒక సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దే పనిలో చేరాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, వారానికి అయిదు రోజులు. గంటకు 12 పౌండ్లు. చేరిన రోజున స్టార్టర్ చెక్‌లిస్ట్ అనే కాగితం ఇచ్చారు. అందులో ఏ, బీ, సీ అని మూడు వాక్యాలు ఉంటాయి, మన పరిస్థితికి సరిపోయేదాన్ని టిక్కు పెట్టాలి. ఏప్రిల్ 6 తరువాత ఇదే మొదటి ఉద్యోగం అనేది ఏ. ఇప్పుడు ఇదొక్కటే, కానీ ఏప్రిల్ 6 తరువాత ఇంకొకటి చేశాను అనేది బీ. ఇంకో ఉద్యోగమో పింఛనో ఉంది అనేది సీ. నేను ఏ పెట్టాను. ఇక్కడ పన్నుల సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్ 6న. మన మార్చి 31తో బుర్ర నిండిపోయినవాళ్లకు ఆ ఆరో తారీఖు ఒక పట్టాన అలవాటు కాదు.

అక్కడ జీతం నెలకు కాదు, నాలుగు వారాలకోసారి. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు జీతాలు. జూన్ 28న మూడు వారాలకు 540, ఆ తరువాత ప్రతిసారీ 720 పౌండ్లు. పేస్లిప్ మీద టాక్స్ కోడ్ 1257ఎల్. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు, అందులో చివరి అంకె తీసేస్తే వచ్చే కోడ్ అది. నేను దాన్ని నా ఉద్యోగి సంఖ్య అనుకున్నాను.

పాప సెప్టెంబరులో పూర్తిస్థాయి బడిలో చేరింది. అద్దె పెరిగింది. సెప్టెంబరు 16న రెండో పనిలో చేరాను. ఒక ఆఫీసు భవనంలో పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర దాకా శుభ్రం చేయాలి. గంటకు 11.44 పౌండ్లు, అప్పటి కనీస వేతనం. మళ్లీ అదే చెక్‌లిస్ట్. ఈసారి నిజాయితీగా సీ పెట్టాను.

ఆ సీ తెచ్చిందే నా 114.40.

సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో తోటి పనివాళ్లను అడిగాను. ఒకాయన నవ్వి, రెండో ఉద్యోగానికి పన్ను ఎప్పుడూ ఎక్కువే, అందుకే నేను ఒక్కటే చేస్తాను అన్నాడు. మన తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో అడిగితే ఇంకా రకరకాల సలహాలు. రెండో చోట కూడా ఏ అని టిక్కు పెట్టి ఉండవలసింది, ఎవరికి తెలుస్తుంది అని ఒకరు. తెలుస్తుంది. రెండు చోట్ల నుంచీ జీతం లెక్కలు జీతం ఇచ్చిన ప్రతిసారీ పన్నుల శాఖకు వెళతాయి. రెండు చోట్లా 1257ఎల్ వాడితే, మొత్తం 12,570 దాటిన ఏడాది ఆ బాకీని తరువాతి సంవత్సరం కోడ్ తగ్గించి వసూలు చేస్తారు. ఈ సలహా ఇచ్చినవారే రెండు నెలల తరువాత, తమకు బాకీ ఉత్తరం వచ్చిందని అదే గుంపులో వాపోయారు. పేరు రాయను.

పేస్లిప్ మీద కోడ్ దగ్గర బీఆర్ అని ఉంది. బేసిక్ రేట్ అని మావారు చెప్పారు. అంటే మొదటి పౌండు నుంచే ఇరవై శాతం. నాకున్న పన్ను లేని 12,570 మొత్తాన్నీ సూపర్‌మార్కెట్ ఉద్యోగానికే ఇచ్చేశారు. రెండోదానికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. కానీ సూపర్‌మార్కెట్‌లో ఏడాది పొడవునా చేసినా నాకు వచ్చేది 720 పదమూళ్లు, 9,360. అక్కడ 3,210 పౌండ్ల మినహాయింపు వాడుకోకుండా పడి ఉంది. ఇక్కడేమో ప్రతి పౌండుకూ కోత. ఒక ఇంట్లో నీళ్లు పొంగిపోతుంటే పక్కింట్లో బిందె పట్టుకుని కూర్చున్నట్టు.

ఏడాది చివర అంతా సరిచేస్తారు, కంగారు పడకు అన్నారు మావారు. ఆయన అన్నది తప్పు కాదు. పన్నుల సంవత్సరం ముగిశాక జూన్ నుంచి లెక్కలు చూస్తూ, ఎక్కువ పట్టి ఉంటే పీ800 అనే ఉత్తరం పంపుతారు. కానీ నాకు డబ్బు కావలసింది అప్పుడు కాదు. పాపకు చలికోటు కొనవలసింది నవంబరులో.

అయినా నెల రోజులు ఏమీ చేయలేదు. ఎందుకంటే భయం. ఫోనులో ఇంగ్లిషు మాట్లాడాలంటే నాకు గొంతు ఆరిపోతుంది. ఎదురుగా మనిషి ఉంటే చేతులతోనైనా నెట్టుకొస్తాను. ఇంకో భయం, అడిగితే ఏదో తప్పు బయటపడి మావారి వీసాకు చుట్టుకుంటుందేమోనని. ఇప్పుడు రాస్తుంటే నవ్వు వస్తోంది. అప్పుడు రాలేదు. నవంబరు 29న రెండో జీతం వచ్చింది. 495.73లో 99 పౌండ్లు పోయాయి. ఆ రాత్రి ఒక కాగితం మీద, నేను చెప్పవలసిన మూడు వాక్యాలు ఇంగ్లిషులో రాసుకున్నాను.

డిసెంబరు 4, బుధవారం. ఆ రోజు మావారికి ఇంటి నుంచే పని కాబట్టి పాపను బడికి ఆయన దింపుతారు. పన్నుల శాఖ ఫోను లైను తెరిచేది ఎనిమిదికి. నేను పని ముగించి అదే బస్టాపులో బల్ల మీద కూర్చుని సరిగ్గా ఎనిమిదికి చేశాను. మొదట యంత్రం మాట్లాడుతుంది, ఎందుకు ఫోను చేశారో కొన్ని మాటల్లో చెప్పమంటుంది. నా మూడు వాక్యాలూ ఏకబిగిన చదివాను. అది ఏమీ అర్థం కాలేదంది. రెండోసారి టాక్స్ కోడ్ అని రెండే మాటలు పలికాను. ఊరుకుంది. నలభై ఒక్క నిమిషాలు సంగీతం. వేళ్లు కొయ్యబారిపోయాయి. ఛార్జింగ్ పద్దెనిమిది శాతానికి దిగింది. ఫోను చేసేవాళ్లు ముందు రోజు రాత్రి ఛార్జింగ్ పెట్టుకోండి, వెచ్చగా ఉండే చోట కూర్చోండి. నంబరు, పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడుగుతారు. రెండు పేస్లిప్పులూ దగ్గర పెట్టుకోండి.

చివరికి ఒకావిడ పలికారు. అంత భయపడ్డానా, ఆవిడ మా పెద్దమ్మలా మాట్లాడారు. నేను తడబడితే ఆగారు. ఒక్కో ఉద్యోగంలో ఏడాది మొత్తం మీద ఎంత వస్తుందని అడిగారు. సూపర్‌మార్కెట్‌లో 9,400 లోపే, శుభ్రం చేసే పనిలో 5,950 దాకా అన్నాను. గంటలు పెరిగే అవకాశం ఉందా అని అడిగారు. క్రిస్మస్‌కు కొంచెం పెరగవచ్చు అన్నాను. అయితే పన్ను లేని మొత్తాన్ని రెండుగా పంచుతాను, కానీ మీ అంచనా తప్పితే తరువాత కట్టవలసి వస్తుంది అని రెండుసార్లు చెప్పి, నాతో అవునని అనిపించుకున్నారు. మాట్లాడింది మొత్తం ఎనిమిది నిమిషాలు.

ఈ పంచడం వాళ్లంతట వాళ్లు చేసేది కాదు, మనం అడిగితేనే. ఇంత రాయడానికి ఒక కారణం అదే.

నాలుగు రోజుల్లో ఆన్‌లైన్ ఖాతాలో కొత్త కోడ్లు కనిపించాయి. సూపర్‌మార్కెట్‌కు 940తో మొదలయ్యేది, రెండోదానికి 317తో మొదలయ్యేది. కూడి చూశాను, 1257. ఒక్క అంకె కూడా తేడా లేదు. కాగితం ఉత్తరం డిసెంబరు 19న వచ్చింది.

కానీ డిసెంబరు జీతంలో ఏమీ మారలేదు. క్రిస్మస్ అని జీతం ముందుగానే, 20వ తేదీన వేశారు. జీతాల లెక్కలు అంతకుముందే మూసేశారు. మళ్లీ 99 పోయాయి. జీతాల విభాగానికి మెయిల్ పెడితే, కోడ్ అందింది, వచ్చే నెలలో సరిపోతుంది అని ఒక్క వాక్యం జవాబు. డిసెంబరు 20న జీతం వస్తే తరువాతిది జనవరి 31న. మధ్యలో ఆరు వారాలు. పండగ ముందు జీతం వచ్చిందని సంబరపడి ఖర్చు పెట్టినవాళ్లకు జనవరి ఎంత పొడవో తెలుస్తుంది. నాకు తెలిసింది.

ఇంతలో రెండో దెబ్బ. క్రిస్మస్ వారాల్లో సూపర్‌మార్కెట్‌లో ముప్పయి గంటలు అదనంగా చేశాను. జనవరి 10న 1,080 పౌండ్లు వచ్చాయి. పన్ను సున్నా. కానీ ఎప్పుడూ ఖాళీగా ఉండే నేషనల్ ఇన్సూరెన్స్ గడిలో 8.96 అని ఉంది. ఇది కూడా పొరపాటే, ఇప్పుడు నాకు అంతా వచ్చు కదా అనుకుని లెక్క వేశాను. నాలుగు వారాల జీతానికి పరిమితి 968 పౌండ్లు, అంటే వారానికి 242. దాని మీద 112 దాటాను. అందులో ఎనిమిది శాతం 8.96. లెక్క సరిపోయింది. సరే, వచ్చే జీతం మళ్లీ 720కి దిగుతుంది కదా, సగటు తగ్గుతుంది, వెనక్కి ఇచ్చేస్తారు అనుకున్నాను. ఫిబ్రవరి 7న చూశాను. ఇవ్వలేదు. మార్చిలో చూశాను. ఇవ్వలేదు.

పన్ను ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా మొత్తం కూడుకుంటూ వస్తుంది, ఎక్కువ పడితే తరువాత సర్దుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్‌కు అలాంటి జ్ఞాపకం లేదు. ఈ జీతం పరిమితి దాటిందా, కట్టు. దాటలేదా, వెళ్లు. వెనక్కి తిరిగి చూడదు. పక్క ఉద్యోగం వైపు కూడా చూడదు. నా రెండు జీతాలూ కలిపితే వారానికి 294 పౌండ్లు, 242 దాటినట్టే. కానీ ఒక్కొక్కటీ విడిగా దాటదు కాబట్టి మామూలు వారాల్లో నేను కట్టేది ఏమీ లేదు. ఇద్దరు వేరువేరు యజమానులైతేనే ఇలా. పన్ను మనిషిని చూస్తుంది, ఇన్సూరెన్స్ ఉద్యోగాన్ని చూస్తుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా అక్టోబరులో చెప్పి ఉంటే నాకు నాలుగు రాత్రుల నిద్ర మిగిలేది.

ఇదే ధోరణి యజమాని ఇచ్చే పింఛను పథకంలోనూ ఉంది. ఒకే ఉద్యోగంలో ఏడాదికి 10,000 దాటితేనే యజమాని తనంతట తానుగా చేరుస్తారు. నాకు రెండూ కలిపి పదిహేను వేలు, కానీ ఏ ఒక్కటీ పది దాటదు, అందుకే ఎవరూ చేర్చలేదు. సూపర్‌మార్కెట్‌లో 6,240 దాటుతాను కాబట్టి, చేరతానని అడిగితే వాళ్ల వాటా కూడా వేయాలి. అడిగాను. వేస్తున్నారు.

జనవరి 31. పొద్దున బస్సులో పేస్లిప్ తెరిచాను. జీతం 495.73. పన్ను గడిలో 312.40, ముందు మైనస్ గుర్తు. అక్టోబరు 114.40, నవంబరు 99, డిసెంబరు 99. మూడూ ఒకేసారి తిరిగొచ్చాయి. చేతికి 808.13. జీతం కంటే చేతికి ఎక్కువ రావడం నా జీవితంలో అదే మొదటిసారి. మావారికి ఫొటో పంపితే, ఎవరి జీతమైనా పొరపాటున నీకు పడిందేమో అడుగు అన్నారు. పాప కోటు అప్పటికే నవంబరులో అప్పు చేసి కొన్నాం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మొత్తం తిరిగి రావడం చూసి, నా దగ్గర అన్యాయంగా పట్టారని ఏప్రిల్ దాకా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నిజానికి ఆ ఏడాది నాకు పన్ను సున్నా కావడానికి కారణం నేను జూన్‌లో ఒకటి, సెప్టెంబరులో ఇంకొకటి మొదలుపెట్టడం. మొత్తం కలిపి 11,150 వచ్చింది. 12,570 దాటలేదు. 2025 ఏప్రిల్ నుంచి పూర్తి ఏడాది. గంటకు సూపర్‌మార్కెట్‌లో 12.60, శుభ్రం చేసే పనిలో 12.21. కలిపితే పదహారు వేలు దాటుతుంది, దాటిన దానికి పన్ను ఉంటుంది. ఏప్రిల్ చివర శుభ్రం చేసే పని జీతం 529.10లో 52.80 పోయింది, మే 2న సూపర్‌మార్కెట్‌లో 6.40. ఈసారి కాగితం తీసి లెక్క వేసి చూసుకున్నాను. సరిగ్గా ఉంది. బస్సెక్కాను.

మే నెలాఖరుకు రెండు చోట్ల నుంచీ, ఏడాది మొత్తం జీతం, పన్ను చూపే పీ60 అనే కాగితాలు రెండు వచ్చాయి. ఇవి పారేయకండి. ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్లేటప్పుడు మనం మనమేనని నమ్మించడానికి వాటిలోని అంకెలు అడగవచ్చు.

సెప్టెంబరులో ఒక ఆదివారం పక్క వీధి అక్క ఇంటికి వచ్చింది. నెల్లూరు ఆమె, ఇక్కడ నాలుగేళ్లు దాటింది. ఒక కేఫ్‌లో తొమ్మిది గంటలు, ఒక లాండ్రీలో తొమ్మిది గంటలు చేస్తుంది. బీఆర్ కోత ఆమెకూ ఉంది, కానీ ఏటా ఎండాకాలంలో ఉత్తరం రాగానే ఆన్‌లైన్‌లో అడిగితే అయిదు పని రోజుల్లో బ్యాంకులో పడిపోతుందట. "చూడమ్మాయ్, నా దగ్గర ఈ దేశం ఒక్క పెన్నీ పట్టలేదు" అని మురిసిపోయింది. మాటల్లో మాటగా నేషనల్ ఇన్సూరెన్స్ చరిత్ర, అంటే ప్రభుత్వ పింఛను లెక్కకు ఏయే సంవత్సరాలు నిండాయో చూద్దామని నా ఖాతా తెరిచాను. 2024-25 ఎదురుగా సంవత్సరం నిండింది అని ఉంది. నొక్కితే, ఉద్యోగం ద్వారా కట్టినది 8.96 పౌండ్లు అని ఉంది.

ఆ 8.96ని చూసి ఇద్దరం నవ్వుకున్నాం. నిజానికి నా సంవత్సరాన్ని నింపింది అది కాదు. కట్టే పరిమితి 242 అయితే, దాని కింద ఇంకో గీత ఉంది, ఆ ఏడాది వారానికి 123. ఒకే ఉద్యోగంలో ఆ గీత దాటితే, ఏమీ కట్టకపోయినా కట్టినట్టే రాసుకుంటారు. నా సూపర్‌మార్కెట్ 180 పౌండ్లు దాన్ని దాటాయి. శుభ్రం చేసే పని 114 దాటలేదు, మామూలు నెలల్లో అది లెక్కలోకే రాలేదు.

తరువాత అక్క తన ఖాతా తెరిచింది. మూడేళ్లు వరుసగా సంవత్సరం నిండలేదు, నిండలేదు, నిండలేదు. వారానికి రెండు చోట్లా తొమ్మిదేసి గంటలు. ఏ ఒక్కటీ గీత దాటలేదు. పిల్లల భత్యం తీసుకునేవాళ్లకు చిన్నపిల్లలు ఉంటే ఆ సంవత్సరాలు వాటంతట అవే నిండుతాయి. కానీ మన వీసాల మీద ప్రభుత్వ సాయం అడగకూడదని ఉంటుంది, ఆ దారి లేదు. ప్రభుత్వ పింఛను ఒక్క పెన్నీ రావాలన్నా పదేళ్లు నిండాలి, పూర్తిగా రావాలంటే ముప్పయి అయిదు. 2024-25 ఒక్క ఏడాదిని సొంత డబ్బుతో నింపుకోవాలంటే వారానికి 17.45 చొప్పున 907.40 పౌండ్లు.

"ఇండియా వెళ్లిపోతే ఇదంతా ఎందుకు?" అంది అక్క, కొంచెం కోపంగానే.

"అక్కడికీ పంపిస్తారక్కా. కాకపోతే ఏటా పెంచరు, మొదట ఎంత ఇచ్చారో అంతే."

టీ చల్లారిపోయింది. నేను పాప లెక్కల నోటుపుస్తకం వెనక అట్ట మీద రాశాను. 2025-26కు గీత 125. గంటకు 12.21. తొమ్మిది గంటలకు 109.89. పదిన్నర గంటలకు 128.20. తేడా గంటన్నర. రెండు చోట్లా పెంచనక్కరలేదు, ఒక్క చోట చాలు. ఆ ఏడాది అప్పటికే సగం గడిచిపోయింది కాబట్టి పూర్తిగా నిండదు, తరువాతి ఏప్రిల్ నుంచి నిండుతుంది.

అక్క ఆ అట్టను ఫొటో తీసుకుంది. కాసేపు దాన్నే చూసి, కేఫ్ మేనేజరుకు మెసేజ్ పెట్టాలి, ఇంగ్లిషులో ఎలా రాయాలో చెప్పు అంది. శనివారం గంటన్నర ఎక్కువ చేస్తాను, ఇస్తారా అని రాశాం. గంట తరువాత ఆమె ఇంటికి వెళ్లి ఫోను చేసింది. ఇస్తారట, కానీ ఆదివారం.